ఒళ్లో కుక్క, కల్లం కుక్క

చిన్న కుక్కని పెంచడం సులువా, పెద్ద కుక్కని పెంచడం సులువా అని మా వీధిలో ఎవరికి అనుమానం వచ్చినా నా దగ్గరికే వస్తారు. రెండింటినీ సాకినదాన్ని కదా, నాకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. నేనూ తడుముకోకుండా చెప్పేస్తుంటాను. "పెద్దదే సులువు. చిన్నది ప్రాణం తోడేస్తది, దాని జోలికి పోబాకండి" అంటాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ అన్న ప్రతిసారీ సిగ్గుతో చచ్చినంత పనవుతుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

మేము నరసరావుపేటలో ఒక మేడ మీద అద్దెకుంటున్నాం. పొలం క్రోసూరు దగ్గర. మా ఆయన బండి వేసుకుని పొలం పోయి వస్తుంటాడు. మిరపకాయ కోతల రోజుల్లో మాత్రం నేనూ వెళ్లి, కాయ ఎండబెట్టే కల్లంలోనే రేకుల షెడ్డులో కాపరం పెడతాను. పెద్ద కుక్క ఉండేది ఆ కల్లంలో. చిన్నది ఉండేది ఇంట్లో, నా ఒళ్లో. చిన్నదానికి మా అమ్మాయి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టింది, నాకు నోరు తిరగదు. పెద్దదానికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. అందుకని మా ఇంట్లో అది చిన్నది, వాడు పెద్దోడు.

చిన్నది రావడమే దొంగతనంగా వచ్చింది. మా అమ్మాయి గుంటూరు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. స్నేహితురాలెవరో ఇచ్చిందని తెల్లగా, బొచ్చుగా, దూదిపింజలా ఉన్న కుక్కపిల్లని గదిలో దాచింది. వార్డెనమ్మ పట్టుకుని చీవాట్లు పెడితే గుడ్డసంచిలో పెట్టుకుని బస్సెక్కి తెచ్చి నా ముందు దించింది.

"చిన్నదే కదమ్మా, పిడికెడన్నం పడేస్తే మూలన పడుంటది" అంది.

"నువ్వు పుట్టినప్పుడు మీ నాయనమ్మా ఇదే మాటంది. మూలన పడున్నావా నువ్వు?" అని తిట్టాను. ఈ బొచ్చు పీనుగుని నేను చూడలేను, తీసుకుపొమ్మన్నాను. ఆ పిల్ల నవ్వి, నన్ను వాటేసుకుని, సాయంత్రం బస్సుకి చేతులూపుకుంటూ వెళ్లిపోయింది. పీనుగు నా చీరకుచ్చిళ్ల మీద పడుకుని నిద్రపోయింది. ఇంకేం చేస్తాను!

అప్పటినుంచీ నా బతుకు దాని చుట్టూ తిరుగుతోంది. మా ప్రాంతంలో కారం లేని వంట ఉండదు కాబట్టి దానికి వేరే కుక్కర్. అన్నం మెత్తగా ఉండాలి, పెరుగు పుల్లబడకూడదు, గుడ్డులో పచ్చసొన కాస్త ఎక్కువ ఉడికితే మూతి తిప్పుకుంటుంది. ఒకసారి గోంగూర పచ్చడి గిన్నె నాకి, రెండ్రోజులు ఇల్లంతా పాడు చేసింది. రోజూ దువ్వకపోతే చెవుల వెనక బొచ్చు ఉండలు కడుతుంది. కళ్ల కింద తుడవాలి, గోళ్లు తీయించాలి, పళ్లు చూడాలి. కుక్కర్ కూత వేస్తే మంచం కిందికి దూరుతుంది. నేను స్నానానికి వెళితే తలుపు ముందు కూర్చుని, నేనేదో చచ్చిపోయినట్టు ఏడుస్తుంది. ఎవరు మెట్లెక్కినా వీధి మొత్తం వినేలా అరుస్తుంది. "పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదేనే" అని మా ఆయన చెవులు మూసుకుంటాడు.

దాన్ని ఒంటరిగా వదలలేక మా ఆడపడుచు మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కూడా వెళ్లలేదు. ఆవిడ ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా "నీ కుక్క బాగుందా వదినా?" అని దెప్పుతుంది. పడతాను. నాకదంటే ప్రాణం మరి.

కింద ఇంటివాళ్లుంటారు. ముస్లిం కుటుంబం. కొడుకు బోరు మోటార్లు రిపేరు చేస్తాడు, ముందున్న షెడ్డే అతని దుకాణం. అతని తల్లి పెద్దావిడ, పొద్దస్తమానం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నేను మామ్మా అంటాను. బట్టలకి కుక్క మూతి తడి తగిలితే వాళ్లు మళ్లీ కడుక్కుని గానీ నమాజు చేసుకోరు. అందుకని చిన్నది వచ్చిన కొత్తలో ఆమె ఒకే ఒక్క మాట చెప్పింది. "పెంచుకో అమ్మాయ్, కాదనను. మెట్ల మీద తెచ్చేటప్పుడు మాత్రం ఎత్తుకుని తే" అంది. చిన్నది కాబట్టి ఎత్తుకుంటాను. ఈ సౌకర్యం పెద్దవాటికి లేదు గదా.

ఇక పెద్దోడు. వాడిని మేం తేలేదు. ఒక ఏడాది కోతల్లో కూలీల ఆటో వెనక పరిగెత్తుకుంటూ వచ్చాడు, గోధుమరంగు పిల్ల, వంటికి మించిన కాళ్లు. మధ్యాహ్నం అందరం టిఫిన్ డబ్బాలు విప్పితే దూరంగా కూర్చున్నాడు. ఎవరో ఒక ముద్ద విసిరారు. అంతే, ఉండిపోయాడు. ఏడాది తిరిగేసరికి నా నడుం దాకా ఎదిగాడు. ఏడాది కష్టమంతా ఎర్రగా నేలమీద పరిచి ఉన్న రోజుల్లో అడవిపందైనా, దొంగైనా, వాడి గొంతు విని కల్లం చాయలకి వచ్చేది కాదు. మా ఆయన వాడి భరోసా మీద నిద్రపోయేవాడు. వాడికి జీతం లేదు, పెరుగన్నం లేదు, దువ్వెన లేదు. మిగిలింది విసిరితే తినేవాడు, మిగలకపోతే ఊళ్లోకి పోయి వెతుక్కునేవాడు. వర్షమొస్తే ట్రాక్టరు కింద పడుకునేవాడు. కోతలయిపోయి, కాయ అమ్ముకుని మేం షెడ్డుకి తాళమేసుకుని వచ్చేస్తే, వాడు అక్కడే ఉండేవాడు. కల్లం కుక్కని ఎవరూ ఇంటికి తీసుకుపోరు మా వైపు. మళ్లీ ఏటి కోతలకి అది అక్కడే ఉంటుందని అందరి లెక్క. వాడికేం, రాజాలాంటోడు అనుకునేవాళ్లం.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. చిన్నది నిద్ర లేచిన దగ్గర్నుంచీ అడిగేది, నేను పెట్టేదాన్ని. వాడు అడగలేదు, నేను పెట్టలేదు. పెద్ద కుక్కని పెంచడం సులువని నేను చెప్పే మాటలో ఉన్న మర్మం ఇదే. మేం వాడిని పెంచలేదు. వాడే పెరిగాడు.

ఈ ఎండాకాలం మిరపకి ధర లేక కాయంతా కోల్డ్ స్టోరేజీకి తోలేశాం. కల్లం తొందరగా ఖాళీ అయింది. ఎండలు మండిపోతుంటే మా ఆయన కూడా పొలం వెళ్లడం తగ్గించాడు. వెళ్లిన ఒకరోజు అక్కడినుంచి ఫోన్ చేశాడు.

"ఏమే, పెద్దోడు తేడాగా ఉన్నాడే. లేవటంలా. బిస్కెట్టేస్తే వాసన చూసి వదిలేశాడు."

అప్పుడు నేను చిన్నదాని చెవుల వెనక చిక్కు తీస్తున్నాను. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో దువ్వెన. "ఎండకి అట్టా పడుంటాడులే. కాసిని నీళ్లు పెట్టి రా" అన్నాను. ఆయన పెట్టి వచ్చాడు. మరునాడు వెళ్లలేదు. ఆ పైరోజు వెళ్లి మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు మారింది.

"ముక్కులోంచి రక్తం కారతా ఉందే. చిగుళ్లు చూస్తే సున్నం కొట్టినట్టున్నయ్. ఏం చేద్దాం?"

నేనెక్కడున్నానో చెప్పాలి. పశువుల డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నాను, ఒళ్లో బుట్ట, బుట్టలో చిన్నది. ఎండకి దాని బొచ్చు కత్తిరించాలని, గోళ్లు కూడా తీయాలని తీసుకొచ్చాను. ఫోనులో రక్తం అన్న మాట విని కూడా, "రేపు చూద్దాంలే, ఇక్కడ మా వంతొచ్చింది" అన్నాను. నిజంగా అన్నాను. ఆ మాట ఇంకా నా నోట్లోనే ఉన్నట్టుంటుంది.

బొచ్చు కత్తిరిస్తున్నంతసేపూ చిన్నది నా చెయ్యి నాకుతూ ఉంది. ఊరికే మాటకి మాటగా డాక్టరుతో అన్నాను, పొలం దగ్గర ఇంకో కుక్కుందండీ, పెద్దది, ముక్కులోంచి రక్తమొస్తోందట అని. ఆయన కత్తెర ఆపేశాడు.

"పిడుదులున్నాయా దానికి?"

పిడుదులు లేని కల్లం కుక్క ఉంటుందా? చెవుల నిండా అవే.

"పిడుదుల జ్వరం అయ్యుంటుందమ్మా. రక్తం విరిగిపోతుంది. ఎన్నాళ్ల నుంచి తినట్లేదు? వయసెంత? టీకాలేమైనా వేయించారా? బరువెంత ఉంటుంది?"

దేనికీ జవాబు లేదు నా దగ్గర. అదే ఒళ్లో ఉన్నదాని గురించి అడిగి ఉంటే, నిన్న పొద్దున విరోచనం ఏ రంగులో అయిందో కూడా చెప్పి ఉండేదాన్ని. "ఇవాళే తీసుకురండి" అన్నాడాయన.

తీసుకురమ్మంటే ఎట్టా? చిన్నదయితే బుట్టలో వేసుకుని ఏ బండైనా ఎక్కచ్చు. మా ఆయన అక్కడ దొరికిన ఆటోవాళ్లందర్నీ అడిగాడు. రక్తం కారే కుక్కని, అంత కుక్కని, ఎవరెక్కించుకుంటారు? తెలిసినాయనకి కారుందంటే నేను ఫోన్ చేశాను. "అక్కా, ఏమీ అనుకోబాక, సీట్లు కొత్తయి" అన్నాడు. అనుకోవడానికేముంది? నాకే కారుంటే నేనూ అదే అనేదాన్నేమో. మిరపకాయలు తోలే ట్రక్కు ఆటో ఒకటుంది ఊళ్లో, అది మాచవరం వైపు బాడుగకి పోయిందట, మర్నాడు గానీ రాదు. చివరికి డాక్టరే మందులిచ్చి, "ముందు ఇవి మొదలుపెట్టండి, బరువు చూసి నాకు ఫోన్ చేస్తే ఎంత వేయాలో చెబుతాను, రేపు ఎట్లాగైనా తీసుకురండి" అన్నాడు.

బస్సెక్కాను. ఒళ్లో బుట్టా, బుట్టలో చిన్నదీ. దాన్నెక్కడ వదలను? బస్సులో ఆడవాళ్లందరూ "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అని దాని తల నిమిరారు. ఒకావిడ జరిగి చోటిచ్చింది. నేను నవ్వుతూనే ఉన్నాను. లోపల మాత్రం నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

కల్లంలోకి అడుగుపెట్టేసరికి వాడు షెడ్డు నీడలో పక్కకి ఒరిగి ఉన్నాడు. నన్ను చూసి తోక ఒక్కసారి నేలకి కొట్టాడు. మూతి కింద మట్టి నల్లగా తడిసి ఉంది. ఈగలు. మా ఆయన కండువాతో తోలుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఆ కోపం ఆయన మీద చూపించాను. "ఇన్ని రోజులు కళ్లు యాడ పెట్టుకున్నావయ్యా?" అన్నాను. ఆయన నా చేతిలో బుట్ట వంక చూశాడు. తిరిగి తిట్టి ఉంటే బాగుండేది.

బరువు చూడాలి. కోత కూలీలకి కాయ తూచడానికి కొన్న కాటా షెడ్డులో ఉంది. మా ఆయన దాన్ని తెచ్చి నేలమీద పెట్టి, వాడిని లేపి, మెడ కింద చెయ్యేసి నడిపించాడు. ఆ వంట్లో ఎక్కడ ఉందో ఓపిక, నాలుగడుగులు వేశాడు. కాటా దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాడు. ముందుకు లాగితే కాళ్లు బిగించాడు. వదిలేస్తే, కాటాని తప్పించుకుని, చుట్టూ తిరిగి, అవతలికి పోయి కూలబడ్డాడు.

మా ఇద్దరికీ అర్థమైంది, ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేదు. మా వైపు ఏ కల్లంలోనైనా కుక్కపిల్లకి మొదట నేర్పే పాఠం ఒకటుంది. కాయ పరిచిన పట్టా మీద గానీ, టిక్కీ మీద గానీ, కాటా మీద గానీ అది కాలు పెట్టకూడదు. టిక్కీ అంటే కాయ తొక్కి నింపిన గోతం, నలభై కిలోల పైమాటే. మిర్చి యార్డులో కొనేవాడు అందులో చెయ్యి పెట్టి తీసినప్పుడు కుక్క వెంట్రుక కనపడితే సరుకు మొత్తం మీద వంక పెడతాడు. అందుకని పిల్ల పట్టా మీదికి వచ్చిన మొదటిరోజే ఒక ఎండుకాయ చీల్చి దాని మూతికి రాస్తారు. ఒకటి రెండుసార్లు రాస్తే చాలు, జన్మలో మళ్లీ ఎక్కదు. మా పెద్దోడికి రాసింది నేనే. పిలిస్తే వచ్చేది నా దగ్గరికే కాబట్టి. మూతి మట్టికేసి రుద్దుకుంటూ పిల్ల గుండ్రంగా తిరుగుతుంటే కూలీలందరం పడీపడీ నవ్వాం.

చివరికి మా ఆయనే వాడిని రెండు చేతుల్లో ఎత్తుకుని కాటా ఎక్కాడు. తర్వాత తనొక్కడే ఎక్కి చూసి, అందులోంచి ఇది తీసేశాడు. మళ్లీ ఎక్కి చూశాడు. తప్పేమోనని ఇంకోసారి. అంత ఎత్తు కుక్క సగం టిక్కీ కూడా తూగలేదు. బొచ్చు కప్పేసింది గానీ లోపలంతా ఎముకలే. డాక్టరుకి ఫోన్‌లో అంకె చెబితే, "పెద్ద కుక్కన్నారు కదమ్మా?" అన్నాడు. పెద్దదేనండీ అన్నాను, ఇంకేమనాలో తెలియక.

ఇంటినుంచి తెచ్చిన చిన్నదాని పెరుగన్నంలోనే మాత్ర పెట్టి ముద్ద చేశాను. వాడి ముందు గొంతుక్కూర్చుని మూతి దగ్గర పెట్టాను. వాడు నా పాదం నాకాడు. చెయ్యి దగ్గరికొచ్చేసరికి మాత్రం పళ్లు బిగించి మొహం పక్కకి తిప్పేశాడు. ఇటు పెడితే అటు, అటు పెడితే ఇటు. మొరగలేదు, గుర్రుమనలేదు. "తిను నాన్నా, తినరా" అని బతిమాలాను. అప్పటిదాకా వాడిని నాన్నా అన్నదే లేదు, ఆ పిలుపు వాడికేం తెలుసు? బుట్టలోంచి చిన్నది ఆ ముద్ద తనకివ్వమని గోలగోలగా అరుస్తోంది. "నోర్ముయ్‌వే!" అని గసిరాను. అది ఒక్కసారిగా ముడుచుకుపోయింది. దానిదేం తప్పు పాపం.

"చేత్తో పెడితే వాడు తినడే. విసురు" అన్నాడు మా ఆయన.

విసిరాను. మట్టిలో పడింది. వాడు మెల్లగా లేచి, రెండడుగులు వేసి, మట్టితో సహా తినేశాడు. మందు లోపలికి పోయింది కదా అని సంతోషించాలి. నేను షెడ్డు వెనక్కి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మర్నాడు ట్రక్కు ఆటోలో వాడిని నరసరావుపేట తెచ్చాం. సూదులు వేశారు, సెలైన్ ఎక్కించారు, నెలదాకా పూటపూటకీ మాత్రలు పడాలన్నారు. మేడ మీదకి ఎక్కలేడు కాబట్టి మెట్ల కింద గోతం పరిచాం. ఇంటివాళ్లని అడగకుండానే పరిచాం. మామ్మ కుర్చీలోంచి చూసి, చీర కాళ్ల మీదికి లాక్కుంది.

"ఏందమ్మాయ్, గాడిదని తెచ్చావా?"

"జబ్బు చేసింది మామ్మా. తగ్గగానే పంపిచ్చేస్తా."

"సరే, తగ్గనీ" అంది. లేచి, కుర్చీ కాస్త అవతలికి జరుపుకుంది.

అప్పుడు తెలిసింది పెద్ద కుక్కని పెంచడమంటే. చిన్నది తడిపితే గుడ్డ వేసి తుడిచేస్తాం. వాడు పాడు చేస్తే బకెట్లు మోయాలి. వీధిలోకి తీసుకెళితే, కాస్త ఓపికొచ్చాక, తాడు పట్టుకున్న నా భుజం ఊడొచ్చేది. పిల్లల తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు. ఒంటికి పట్టిన పిడుదులు ఒక్కొక్కటీ పీకుతుంటే నా నడుం పట్టేసేది. పైన చిన్నది అలిగి అన్నం మానేసేది. నేను కిందకి పోతే పైదాని ఏడుపు, పైకి పోతే కిందవాడు మాత్రం ఏమీ అనేవాడు కాదు. ముద్ద నేలమీద పెట్టి పక్కకి తప్పుకుంటే అప్పుడు తినేవాడు. నేను రోజూ ముందు అరచేయి చాపి చూసేదాన్ని. వాడు రోజూ మొహం తిప్పేవాడు. ఇంకా రాలేదులే నమ్మకం అనుకుని, కింద పెట్టేదాన్ని.

నెల దగ్గర పడేసరికి కండ పట్టాడు, చిగుళ్లు ఎర్రబడ్డాయి. డాక్టరు చూసి ఫరవాలేదన్నాడు. "వేళకి తిండి పడాలి, పిడుదులు పట్టకుండా చూసుకోవాలి, అంతే" అన్నాడు. అంతేనట!

ఆ సాయంత్రమే నేను మా ఆయనతో, "ఆ ట్రక్కు ఆటో అతనికి చెప్పు, ఇటొచ్చినప్పుడు వీణ్ణి ఎక్కిచ్చేద్దాం" అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. "మళ్లీ కల్లానికా?" అన్నాడు. "మరి యాడికి? ఇంటివాళ్లు ఊరుకుంటారా?" అన్నాను.

ఆ మర్నాడు పొద్దున ఎప్పటిలాగే అరచేయి చాపాను, చాపి వెనక్కి తీసుకోబోతున్నాను. వాడు లేచి వచ్చాడు. నా చేతిని వాసన చూశాడు. వేళ్ల మీదనుంచి మణికట్టు దాకా ముక్కు ఆనించి చూశాడు. తర్వాత తినడం మొదలుపెట్టాడు, మెల్లగా, నా చెయ్యి ఎక్కడ నొప్పెడుతుందో అన్నట్టు. గరుకు నాలిక. నేను కదలకుండా కూర్చున్నాను. కళ్లల్లోంచి నీళ్లు వాటంతటవే కారిపోతున్నాయి.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉంచేద్దాం అంటారు. మా ఆయనైతే తప్పకుండా అంటాడు. బండి రావడానికి కొన్ని రోజులు పట్టింది, ఆ రోజులన్నీ వాడు నా చేతిలోనే తిన్నాడు, ముద్ద నేలమీద పెడితే ముట్టుకోకుండా నా చేతివంక చూడటం నేర్చుకున్నాడు. నేనూ పెట్టాను. పెడుతూనే, బండి ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉన్నాను.

బండి వస్తుందన్న ముందురోజు మామ్మ నన్ను పిలిచింది. వాడు ఆమె కుర్చీకి కాస్త దూరంలో, ఆమె పెట్టించిన మట్టిచట్టిలో నీళ్లు తాగుతున్నాడు. తాగేదాకా చూసి అంది.

"రేపు పంపిచ్చేస్తున్నావంట, మా వాడు చెప్పాడు. ఎందుకమ్మాయ్? ఉండనీ. గేటు కాడుంటే మా దుకాణానికీ మంచిదే. దాని మూతి నా బట్టకి తగలకుంటే చాలు, తగిలినా కడుక్కుంటాలే. దాహమైన జీవానికి నీళ్లు పెడితే మాకు పుణ్యమే."

ఇంటివాళ్లు ఒప్పుకోరన్నదే నేను పట్టుకుని వేలాడుతున్న కారణం. అది కాస్తా ఊడిపోయింది. అయినా నా నాలుక ఊరుకోలేదు.

"లేదు మామ్మా, వాడికి కల్లమే అలవాటు. ఇక్కడ ఉండలేడు."

"వాడు చెప్పాడా నీకు?" అంది మామ్మ.

చిన్నది పైనుంచి అరుస్తోందని వంక పెట్టి మెట్లెక్కేశాను.

ఎందుకు పంపానని నన్ను నేను చానాసార్లు అడిగాను. బకెట్లు, భుజం నొప్పి, చిన్నదాని అలక, వీధివాళ్ల చూపులు. ఒక్కటీ పెద్ద కారణం కాదు. అలసిపోయాను, అంతే. చిన్నదాని కోసం ఎన్నడూ అలిసిపోని దాన్ని, వాడి కోసం నెలకే అలిసిపోయాను. ప్రేమ తక్కువని ఒప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

మర్నాడు పొద్దున బండి వచ్చి హారన్ కొట్టింది. చేత్తోనే చివరి ముద్ద పెట్టాను. "ఎక్కు" అన్నాను. వాడు ఒక్క దూకులో ఎక్కి, వెళ్లేది నేనూ వాడూ కలిసే అనుకున్నాడో ఏమో, నాకు చోటిచ్చినట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు. మా ఆయన బండి మీద వెనకే వెళ్లాడు. మామ్మ ఆరోజు వరండాలోకి రాలేదు. నేను చేతులు కడుక్కుని పైకెళ్లి, చిన్నదానికి అన్నం పెట్టి, మధ్యాహ్నం పడుకుంటే, అబ్బ, ఎంత హాయిగా నిద్ర పట్టిందో! ఆ నిద్ర తలుచుకుంటేనే నా మీద నాకు రోత పుడుతుంది.

మొన్న మా ఆయన కల్లంనుంచి ఫోన్ చేశాడు.

"ఏమే, వాడికేం అలవాటు చేశావే నువ్వు? విసిరితే తినటంలా. ఎదురుగా కూర్చుని నా చేతులకేసి చూస్తన్నాడు. చేత్తో పెడితే వాసన చూసి, ఇది కాదన్నట్టు వెనక్కి పోతన్నాడు. మళ్లీ చిక్కిపోతాడే. ఒకసారి వస్తావా?"

అప్పుడు చిన్నదాన్ని టబ్బులో నిలబెట్టి స్నానం చేయిస్తున్నాను. ఒళ్లంతా సబ్బు నురగ. చలికి వణుకుతూ నా చేతులు పట్టుకుని ఉంది.

"రేపొస్తాలే" అన్నాను.